రిపోర్టు తెరుచుకోని పదిహేను రోజులు

పదిహేను రోజులుగా రిపోర్టులమ్మకి కంటి మీద కునుకు లేదు, తిండి మీద ధ్యాస లేదు. ఎవరైనా పలకరిస్తే చాలు, ఒళ్లు మండిపోతోంది. ఆవిడ అసలు పేరు ఆఫీసులో ఎవరికీ పట్టదు. పన్నెండు ఆసుపత్రుల్లో ఏ గ్రూపు రక్తం ఎన్ని యూనిట్లుందో ఆన్‌లైన్‌లో ఒకే పేజీలో చూపించే రిపోర్టు తయారుచేసింది కాబట్టి అందరికీ రిపోర్టులమ్మే. మూడేళ్ల కష్టం అది. ఇప్పుడా పేజీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పడుతోందని ఆసుపత్రుల నుంచి ఒకటే గోల. రక్తం కావలసినవాళ్లకి నాలుగు నిమిషాలంటే మాటలా?

ఇవాళ మధ్యాహ్నం పన్నెండు లోపు బాగుపడకపోతే రిపోర్టు మూసేసి మళ్లీ ఫోన్లతోనే పని నడిపిద్దామని డైరెక్టరు తేల్చి చెప్పేశాడు.

ఆవిడ చేయని ప్రయత్నం లేదు. బొమ్మలు తీసేసింది, రంగులు తీసేసింది, ముచ్చటపడి పెట్టుకున్న గ్రాఫులు కూడా పీకి పారేసింది. వీసమెత్తు తేడా రాలేదు. సర్వరు చూసుకునే ఆయన్ని నిలదీస్తే, సర్వరు పాపం ఊపిరాడక చస్తోంది, తిండిపోతు మీ రిపోర్టే అన్నాడు. నెట్‌వర్క్ ఆయన తన వైపు అంతా భేషుగ్గా ఉందన్నాడు. ఆయన వైపు ఎప్పుడు బాగాలేదు గనక! అన్నిటికంటే ఒళ్లు మండించే సంగతేమిటంటే, ఆవిడ బల్ల మీద మాత్రం ఆ రిపోర్టు మూడు సెకన్లలో టక్కున తెరుచుకుంటోంది. దయ్యం పట్టిందనుకోవాలా, ఏమనుకోవాలి?

పది గంటలకి, ఇక లాభం లేదని వదిన దగ్గరికి బయల్దేరింది. వదిన పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకుకి ఇన్‌చార్జి. ఈ పదిహేను రోజుల్లో అందరికంటే ఎక్కువ చీవాట్లు పెట్టిందీ ఆవిడే. ఇంట్లో ఎంత కబుర్లాడుకునే వదినామరదళ్లయినా, పని దగ్గర ఆ మనిషికి మొహమాటం లేదు.

బ్లడ్ బ్యాంకు గదంతా ఫ్రిజ్‌ల రొద. మూలనున్న కంప్యూటరు ముందు వదినని కూర్చోబెట్టి, రోజూ ఎలా తెరుస్తావో ఇప్పుడూ అలాగే తెరువు, నేను నోరెత్తను అని మాటిచ్చి వెనక నిలబడింది.

వదిన కళ్లద్దాలు సర్దుకుంది. పేజీ పైన వరసగా ఉన్న గడుల్లో మొదటి ఆసుపత్రికి టిక్కు పెట్టింది. రెండోదానికి పెట్టింది. పన్నెండూ అయ్యాక ఎనిమిది గ్రూపులకీ పెట్టింది. ఆ తర్వాత సంవత్సరాలు, ఆ తర్వాత నెలలు, ఓపిగ్గా, ఒక్కొక్కటే. ఏ గడీ ముట్టుకోకపోతే ఈ రోజు నిల్వ దానంతటదే వస్తుంది. అన్నీ ముట్టుకుంటే మూడేళ్లలో వచ్చిన ప్రతి యూనిట్ లెక్కా తవ్వుకు రావాలి. రిపోర్టులమ్మ మాటిచ్చిన సంగతి మరిచిపోయి, ఇన్ని టిక్కులు ఎందుకు పెడుతున్నావని గొంతు పెంచి అడిగేసింది.

వదిన నింపాదిగా వెనక్కి తిరిగింది.

"నువ్వేగా చెప్పావు. పదిహేను రోజుల కిందట శిక్షణకి పిలిచి, ఒక్క గడి ఖాళీగా కనపడినా మెమో ఇప్పిస్తానన్నావు. పన్నెండు ఆసుపత్రుల వాళ్లమూ విన్నాం."

అన్న మాట నిజమే. అన్నది మాత్రం కొత్త యూనిట్ల వివరాలు ఎక్కించే ఫారం గురించి. అందులో సగం గడులు ఖాళీగా వదిలేస్తున్నారని విసిగిపోయి, ఆ రోజు నోరు పారేసుకుంది. వీళ్లు మెమోకి భయపడి, కనపడిన గడినల్లా నింపడం మొదలుపెట్టారు. పదిహేను రోజులు ఊళ్లోవాళ్లందరినీ తిట్టిన రిపోర్టులమ్మకి ఇప్పుడెవర్ని తిట్టాలో తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

వదినని లేపి, ఆ కుర్చీలోనే కూర్చుని, పాత లెక్కల గడులన్నీ పేజీలోంచి తీసేసి మళ్లీ ఆన్‌లైన్‌లో పెట్టింది. మూడు సెకన్లు. పదకొండున్నరకి డైరెక్టరుకి ఫోన్ చేస్తే, ఇన్నాళ్లూ తప్పెవరిదని అడిగాడు. వాడేవాళ్లకి వాడటం రాలేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వదిన ఆవిడనే చూస్తోంది.

"నాదే సార్. నేర్పడం నాకు రాలేదు."

సరే, రిపోర్టు ఉంచుదామన్నాడు డైరెక్టరు. గండం గడిచింది. రిపోర్టులమ్మ సంబరంగా, ఇంక ఆ ఫోన్లు మానెయ్ వదినా అంది.

వదిన నవ్వలేదు. "నిన్న ఒకావిడకి కాన్పయ్యాక రక్తం ఆగలేదు. నీ రిపోర్టు తిరుగుతూ కూర్చుంది. ఫోన్లు చేస్తే నాలుగు చోట్ల లేదన్నారు, ఐదో చోట దొరికింది. నేను నిన్నే నమ్ముకుని కూర్చుంటే ఆ తల్లి ఉండేది కాదు."

రిపోర్టులమ్మ, పన్నెండు ఆసుపత్రుల ఫోన్ నంబర్లూ రిపోర్టు పైభాగాన పెడతానంది.

"అది తెరుచుకోని రోజున అందులో నంబర్లు ఎవరికి కనిపిస్తాయి?"

రిపోర్టులమ్మ ఒక తెల్లకాగితం తీసుకుని, వదిన చెబుతుంటే నంబర్లన్నీ పెద్దపెద్ద అక్షరాలతో రాసింది. కింద, రిపోర్టు తెరుచుకోకపోతే చూస్తూ కూర్చోకండి, వెంటనే ఫోన్ చెయ్యండి అని కూడా రాసి, కంప్యూటరు పక్క గోడకి తన చేత్తోనే అంటించింది. మరో పదకొండు నకళ్లు తీయించుకుని, మిగతా ఆసుపత్రులకి బయల్దేరింది.