నా వంతు శనివారం

మా వృద్ధాశ్రమంలో నర్సుల శని ఆదివారాలకు రెండు జట్లు. ఒక వారం మొదటి జట్టు, మరుసటి వారం రెండో జట్టు. నాది మొదటి జట్టు. మేము పనిచేసే శని ఆదివారాల్లోనే మా ఎల్సీని వాళ్ళ నాన్న కోడీ తీసుకెళ్తాడు. జడ్జిగారు అలా రాసిచ్చారు. నేనే బతిమాలి అలా రాయించుకున్నాను. ఎల్సీకి నాలుగేళ్ళు. శనివారం పిల్లల్ని చూసుకునే చోటు మా ఎరీ ఊళ్ళో నాకు ఒక్కటీ దొరకలేదు. అమ్మ లేదు. కోర్టువాళ్ళ పట్టికా ఆశ్రమం డ్యూటీ పట్టికా ఒకదానితో ఒకటి సరిపోయినంత కాలమే నాకీ ఉద్యోగం. నర్సింగు డిగ్రీ రెండో ఏడాదిలో కడుపుతో ఉండి మానేసి, తరవాత ఏడాది కోర్సుతో సరిపెట్టుకున్నదాన్ని. ఇది పోతే ఇంకోటి వెతుక్కునే ధైర్యం లేదు.

గ్వెన్ మా డ్యూటీలు వేసే ఆవిడ. సెప్టెంబరులో రెండో జట్టు నర్సు ఒకామె రిటైరైంది. మొదటి జట్టులో అందరికన్నా వెనక చేరినవాళ్ళు అటు మారాలని గ్వెన్ భోజనాల గది తలుపుకి కాగితం అంటించింది.

వెనక చేరింది నేనూ, మరిసోలూ. ఇద్దరం ఒకే రోజు చేరాం.

"మీలో మీరు తేల్చుకుని శుక్రవారం లోపు చెప్పండమ్మా," అంది గ్వెన్. "బొమ్మా బొరుసూ వేసుకోండి, జుట్లు పట్టుకోండి, నాకనవసరం. తేలకపోతే శని ఆదివారం నాగాలు ఎవరికి ఎక్కువుంటే వాళ్ళే మారతారు."

నాగాలు ఇద్దరికీ లేవు. కాగితం మీద లేవు.

మరిసోల్ బాబుకి ఆరు నెలలు. మొగుడు సాల్ లారీ నడుపుతాడు. వారం విడిచి వారం ఇంటికొస్తాడు, సరిగ్గా ఆమె పనిచేసే శని ఆదివారాల్లో. అంటే ఆమె లెక్కా నా లెక్కే.

"నావల్ల కాదే ట్రినా," అంది మందుల బండి సర్దుకుంటూ. "సాల్ వాళ్ళ కంపెనీని అడిగాను. కుదరదు పొమ్మన్నారు."

"నేను మాత్రం? కోర్టు కాగితం మార్పించడమంటే మాటలా?"

"కోడీనే అడుగు. మనిషేగా."

"నువ్వు చూడలేదుగా వాణ్ణి."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ మూడు రోజులూ ఎల్సీ అన్నం పళ్ళెం ముందు కూర్చుని పాడుతుంటే వినిపించేది కాదు. జూన్ నెల శనివారం ఒకటి గుర్తొస్తూ ఉండేది. ఆ రోజు సాయంత్రం డ్యూటీ మరిసోల్‌ది. బాబుకి జ్వరమని గంట ముందు ఫోన్ చేసింది. పగటి డ్యూటీ చేసిన నేనే ఆమె డ్యూటీ కూడా చేశాను. మర్నాడు నా బదులు తను వచ్చింది. వంతులు మార్చుకునే కాగితం రెండు రోజుల ముందే ఇవ్వాలి. మేము సోమవారం రాసి, పాత గురువారం తేదీ వేసి, గ్వెన్ బల్ల మీద కాగితాల కట్టలో దూర్చేశాం. ఇద్దరం నోరు మూసుకుని నవ్వుకున్నాం కూడా.

శుక్రవారం పొద్దున గ్వెన్ గదికి వెళ్ళాను.

"తేలిందా?"

"లేదండీ. జూన్‌లో ఒక కాగితం ఉంటుంది, చూడండి. అది మార్చుకున్నది కాదు. మరిసోల్ రాలేదు, అంతే."

గ్వెన్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది. "దాని మీద నీ సంతకం కూడా ఉంటుందిగా?"

"ఉందండీ."

"అమ్మాయ్, అప్పుడు ఇద్దరూ కలిసి అబద్ధమాడారన్నమాట. ఇప్పుడు నువ్వు నిజం చెప్తున్నావు. బాగుంది." కాగితం వెతికి తీసింది. "ఆమెకు నాగా, నీకు హెచ్చరిక. ఇకమీదట రెండు రోజులకి ఒక్క గంట తగ్గినా ఎవరి కాగితమూ తీసుకోను. అందరికీ చెప్తాను, ఎవరి పుణ్యమో కూడా చెప్తాను."

చెప్పింది. మధ్యాహ్నం మరిసోల్ బట్టలు మార్చుకునే గదిలో నా ఎదురుగా నిలబడింది. అరుస్తుందనుకున్నాను.

"ఆ రోజు వాడికి నూట నాలుగు," అంది. "నీకు తెలుసు. ఫోన్లో వాడి ఏడుపు విన్నావు."

"నాకు ఎల్సీ ఉంది."

"ఉంది. నాకున్నది పిల్లి మరి."

మరిసోల్ రెండో జట్టుకి మారింది. ఆ తరవాత రెండు నెలలు నా శని ఆదివారాలు నావే. ఎల్సీని సరస్సు ఒడ్డుకి తీసుకెళ్ళాను, గుమ్మడికాయ కోశాం. మరిసోల్ బాబుని ఎక్కడో ఒక ముసలామె దగ్గర వదులుతోందని, ఆమెకు చెవులు వినపడవని విన్నాను. అడగలేదు.

నవంబరు ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం కోడీ ఫోన్ చేశాడు.

"రేపటి నుంచి జింకల వేట మొదలు. కాంపుకి పోతున్నాం. పాపని తీసుకెళ్ళడం కుదరదు."

"రేపు నాకు డ్యూటీ! కోర్టు..."

"ఒక్క వారానికి కోర్టేంటి తల్లీ! నీకక్కడ అంతమంది స్నేహితులున్నారుగా."

రెండో జట్టువాళ్ళందరికీ ఫోన్ చేశాను. ఇరవై రెండేళ్ళ నుంచి ఉన్న డొలోరెస్ అయితే, "నీతో నోటిమాట బేరాలా? వద్దమ్మా, నా పెన్షన్ మీదికి తెచ్చుకోలేను," అంది. మిగిలింది మరిసోల్.

"రేపు నా బదులు చేస్తావా? సాల్ ఇంట్లో ఉండే వారమేగా. బాబుని తను చూసుకుంటాడు. వచ్చే వారం నీ వంతు నేను చేస్తాను, ఎల్సీని నువ్వు చూద్దువుగాని."

అటునుంచి బాబు ఏదో వాగుతున్నాడు. "కాగితం ఇచ్చావా?" అంది మరిసోల్.

"ఇప్పుడేగా తెలిసింది. గ్వెన్ తీసుకోదు. సోమవారం రాసి..."

అక్కడ ఆగిపోయాను.

"ఏ తేదీ వేద్దాం, ట్రినా?" అంది మరిసోల్. కోపం లేదు గొంతులో. ఫోన్ పెట్టేసింది.

గ్వెన్‌కి చేసి రాలేనని చెప్పాను. పెన్ను గీసిన చప్పుడు వినిపించింది.

"నాగా. రూలు తెలుసుగా. ఈ శని ఆదివారం మానితే వచ్చే శని ఆదివారం చేయాలి."

"వచ్చే వారం నా దగ్గర పాప ఉంటుందండీ. చూసేవాళ్ళు లేరు."

"అది నా పట్టికలో ఉండదమ్మా."

సోమవారం వెళ్ళేసరికి కొత్త పట్టిక తలుపుకి ఉంది. వచ్చే శనివారం, తూర్పు వైపు గదులు: మరిసోల్, ట్రినా. ఇంటికొచ్చి మరిసోల్ బాబుని చూసే ఆ ముసలామె ఇల్లెక్కడో ఎవరిని అడగాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. తెలిసింది ఒక్కరికే.