పద్నాలుగు గంటల ఆకాశం

"వంటగది చూపించు." మా ఆయన ఉద్యోగం మీద దూరదేశం వెళ్ళినప్పటి నుంచి ఫోన్‌లో నాకు వినపడే మొదటి పలకరింపు ఇది. గిన్నెలు తోముతున్నా సరే, సబ్బు చేత్తోనే ఫోన్ పట్టుకుని గది గదీ తిప్పి చూపించాలి. "ఆ తలుపు వెనక?" అంటారు. తలుపు వెనక చీపురు ఉంటుంది. "చూడరా, చీపురు కూడా నీ మీద బెంగపెట్టుకుంది," అని అత్తయ్య నవ్వుతుంది. నాకు నవ్వు రాదు. ఎత్తడం కాస్త ఆలస్యమైతే "ఇంట్లో ఉండి నీకేం పనే?" అని మొదలై మా అమ్మ పెంపకం దాకా పోతుంది.

ఆయన వెళ్ళిన రోజు మాత్రం ఫోన్ మోగలేదు. "ఎక్కాను" అన్న కబురుకీ "దిగాను" అన్న కబురుకీ మధ్య పద్నాలుగు గంటలు. ఆ రోజు వీధి చివరి దాకా నడిచి వచ్చానంతే, ఇంకేం చేయడానికీ ధైర్యం చాల్లేదు. ఆ గంటల్ని మాత్రం మనసులో దాచుకున్నాను.

ఇవాళ తిరిగొస్తున్నారు. ఎన్నింటికి దిగుతారని అడిగితే "నీకెందుకు? దిగాక చెప్తాగా," అన్నారు. తెల్లవారకముందే "ఎక్కాను" అని వచ్చింది. అవే విమానాశ్రయాలు, అదే దూరం. దీపాలు పెట్టేదాకా ఢోకా లేదనుకున్నాను. బజారులో కుట్టుకొట్టు నడిపే అక్క, "నా కళ్ళముందు ఒక చొక్కా కుట్టు. నచ్చితే కిటికీ పక్క మిషన్ నీదే. రేపు ఇంకొకామె అడగడానికి వస్తోంది," అని చెప్పి ఉంది. వంట చేసి, అత్తయ్యకు వడ్డించి, మందుల కొట్టుకని చెప్పి అక్క దగ్గరికి వచ్చాను.

కాలర్ వేశాను. ఒక చెయ్యి అతికాను. రెండోది సూది కింద పెడుతుండగా ఫోన్ మోగింది. బయట ఎండ ఇంకా తగ్గనే లేదు. కెమెరాకు అరచెయ్యి అడ్డం పెట్టి ఎత్తాను.

"పోయినప్పటికంటే మూడు గంటలు ముందే దిగానే! అప్పుడు ఎదురు గాలి, ఇప్పుడు వెనక నుంచి తోసిందట." అంతలోనే గొంతు మారింది. "చీకటిగా ఉందేంటి? ఏంటా చప్పుడు? వంటగది చూపించు."

దూరం లెక్కేసుకున్నాను గానీ, గాలి ఎవరి పక్షమో చూసుకోలేదు.

అక్క తన మిషన్ ఆపింది. నా మొహం చూసి మెల్లగా, "వెళ్తే వెళ్ళమ్మా. ఒంటిచేతి చొక్కా మాత్రం ఎవరూ తొడుక్కోరు," అంది.

పరుగెత్తితే ఆయన కంటే ముందే ఇంట్లో ఉంటాను. దారిలో ఏదో ఒక అబద్ధం దొరక్కపోదు. ఇన్నాళ్ళూ దొరుకుతూనే ఉంది. అరచెయ్యి తీసేసి, ఫోన్‌ను కిటికీకి ఆనించి నిలబెట్టాను.

"చూడండి," అన్నాను. "ఇంకో చెయ్యి అతకాలి. అయ్యాక వస్తాను."

నేను మిషన్ తొక్కాను.