లాగి చూడని ముడి

“బోర్డుని మీ ఇష్టమొచ్చిన చోటల్లా ఊరేగించుకోండి. మా అక్క మాత్రం గడప దాటదు,” అంది బుడ్డమ్మ, గిన్నెలు టకటకా సర్దుతూ. ముందురోజు భోజనాల దగ్గర రాజుకున్న గొడవ తెల్లారినా చల్లారలేదు.

“నడిమధ్య ఫొటో పీకేస్తే ఇంకేం మిగుల్తుందే? ముందుపళ్ళు ఊడిన నోరులా ఉంటుంది,” అన్నాడు మేస్త్రి.

“ఆ నోరు రోజూ చూస్తూనే ఉన్నాంగా. అలవాటైపోయిందిలెండి.”

కోడలు నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పోయింది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకప్పుడు లాంతరు చిమ్నీలు చేసే గాజు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళే. పొట్టిగా ఉండేదని ప్యాకింగ్ గదిలో ఎవరో సరదాకి బుడ్డమ్మ అన్నారు. అరవై దాటినా ఆ పేరు వదల్లేదు. ఆయన చిమ్నీల పెట్టెలకి తాళ్ళు కట్టే మేస్త్రి. ఫ్యాక్టరీ మూతపడ్డాక, దాని కథ మట్టిలో కలిసిపోకూడదని మూడు చెక్కల మడత బోర్డు ఒకటి చేశాడు. కొలిమి ఫొటోలు, చిమ్నీల మీద అంటించే లేబుళ్ళు, గాజు ఊదే ఇనప గొట్టం ముక్క అన్నీ దానికి బిగించాడు. నడిమి చెక్క మీద ప్యాకింగ్ గది ఆడవాళ్ళ ఫొటో. అందులో ఎడమ చివర, తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతున్నది బుడ్డమ్మ అక్క. ఆ ఏడే జ్వరమొచ్చి పోయింది. ఆవిడ ఆనవాలుగా మిగిలింది ఆ ఒక్క ఫొటోయే.

“స్కాన్ చేయిస్తానంటే నువ్వేగా వద్దన్నావు,” అన్నాడు కొడుకు.

“అది అక్క చేత్తో పట్టుకుని మురిసిపోయిన ఫొటోరా. మీ స్కాను పట్టుకుందా?”

ఎన్నన్నా చివరికి మేస్త్రి పంతమే నెగ్గింది. పక్క ఊరి లైబ్రరీలో పాత పరిశ్రమల ప్రదర్శన. వస్తామని ఆయన మాటిచ్చేశాడు. కొడుకూ కోడలూ తోడు బయల్దేరారు. అక్క వెళ్తుంటే తను ఇంట్లో కూర్చోలేక బుడ్డమ్మా కారెక్కింది. ఎక్కిందే గానీ లైబ్రరీ లోపల అడుగు పెట్టలేదు. ప్రదర్శన అయిందాకా వరండాలో బెంచీ మీద బిగుసుకుని కూర్చుంది.

సాయంత్రం తిరుగు ప్రయాణమప్పుడు మేస్త్రి బోర్డుని మడిచి, బొంతలో చుట్టి, కారు మీది క్యారియర్‌కి తాడేసి కట్టాడు. ప్యాకింగ్ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. కట్టిన చెయ్యి తన ముడిని తను నమ్ముతుంది కాబట్టి, లాగి చూసే చెయ్యి వేరేది కావాలి. లాగి చూసినవాళ్ళు “పద” అంటేనే పెట్టె కదలాలి. ఆయన కట్టడం, ఆవిడ లాగడం, అలాగే ఒకరి కళ్ళలో ఒకరు పడ్డారు. పెళ్ళయ్యాక పరుపుచుట్టలకీ పచ్చడి జాడీల మూతలకీ కూడా అదే పద్ధతి.

ఆవేళ బుడ్డమ్మ ముడి వంక చూడనైనా లేదు. ఎక్కి కూర్చుని తలుపు ధన్‌మని వేసుకుంది.

“తాడొకసారి చూడనా నాన్నా?” అన్నాడు కొడుకు.

“మీ అమ్మ చూసుంటుందిలేరా. ఈవేళ నోరు మెదపట్లేదు గానీ, చెయ్యి ఊరుకుంటుందా?” అన్నాడు మేస్త్రి ధీమాగా.

సగం దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు కొడుకు దిగి, పైకి చూసి, అలాగే నిలబడిపోయాడు. తాడు కొస వెనక అద్దం మీద వేలాడుతోంది. బోర్డు లేదు.

బుడ్డమ్మ గబగబా కారు దిగింది. ‘ఇప్పుడంటాడు, లాగి చూడలేదేమే అని,’ అనుకుంటూ మొగుడి వంక చూసింది. ఆయన అప్పటికే దిగి, వేలాడే తాడు కొస చేతిలోకి తీసుకున్నాడు.

“నా ముడే జారింది,” అన్నాడు మెల్లగా.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. “లాగాల్సింది నేను. పంతానికి పోయి అక్కని రోడ్డు మీద పారేసుకున్నాను,” అంది, కారెక్కినప్పటి నుంచీ ఆయనతో ఆడని మాట ఒక్కసారిగా తన్నుకొచ్చి.

కారు వెనక్కి తిప్పారు. కొడుకు ఒక పక్కా, కోడలు ఒక పక్కా కళ్ళు చికిలించుకుని రోడ్డంచులు వెతుకుతున్నారు. బొంత ఒకచోట ముళ్ళకంచెకి పట్టుకుని దొరికింది. అది చూసి బుడ్డమ్మకి ఏడుపు ఆగలేదు. మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకోలేదు.

అక్కడి మలుపు దాటగానే పంక్చర్ల షాపు. టైర్ల గుట్టకి ఆనించి, మూడు చెక్కలూ విప్పి నిలబెట్టిన బోర్డు. ముందర ఇద్దరు లారీ డ్రైవర్లు, చేతులకి మసి అంటిన షాపావిడ. ఒక చెక్క మూల విరిగింది, గొట్టం సొట్టపోయింది. ఫొటో మాత్రం చెక్కు చెదరలేదు.

బుడ్డమ్మ పరుగులాంటి నడకతో వెళ్ళింది. షాపావిడ ఆవిడ మొహం చూసింది, ఫొటో చూసింది.

“ఈ నవ్వే అమ్మాయివి నువ్వే కదమ్మా? ఎవరా, ఏం చూసి అంత నవ్వుతోందా అని ఇందాకట్నించీ మాలో మేం ఒకటే పందేలు!”

“నేను కాదు, మా అక్క,” అంది బుడ్డమ్మ.

“దేనికమ్మా ఆ నవ్వు?” అడిగాడు ఒక డ్రైవరు.

అక్క గురించి ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. అడిగేవాళ్ళంతా తనలాగే ముసలివాళ్ళయ్యారు, లేదా పోయారు. “ఫొటో తీసేవాడు కదలొద్దు కదలొద్దంటూ వెనక్కి నడిచి గడ్డిబుట్టలో కూలబడ్డాడు,” అంది బుడ్డమ్మ. “మేమంతా పెదాలు బిగబట్టాం. అక్క వల్ల కాలేదు. నవ్వాపుకోవడం ఎక్కడా దానివల్ల కాదు. గడ్డి పరిచి చిమ్నీ పడుకోబెడుతూ, పాపాయికి చెప్పినట్టు ‘బజ్జో తల్లీ’ అనేది. మేస్త్రి వింటే అరుస్తాడని కూడా లేదు.”

“వినేవాణ్ణే. అరవలేదు,” అన్నాడు వెనకనుంచి మేస్త్రి.

షాపావిడ పగలబడి నవ్వింది. ఒక కొత్త మనిషి అక్కతో కలిసి నవ్వుతోంది. బుడ్డమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది గానీ, అవి అంతకుముందటి కన్నీళ్ళు కావు.

ఈసారి మేస్త్రి కట్టాడు. బుడ్డమ్మ మునివేళ్ళ మీద లేచి, తాడు రెండుసార్లు గట్టిగా లాగి, “పద,” అంది.

మర్నాడు భోజనాలకి అందరూ కూర్చున్నాక మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. “ఆ ఫొటో తీసి నీ పెట్టెలో పెట్టేసుకో. ఇక ఎక్కడికీ తీసుకెళ్ళనులే.”

బుడ్డమ్మ ఆయన పళ్ళెంలో కూర వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

“నిన్న లైబ్రరీలో ఏదో బడివాళ్ళు బోర్డు తెమ్మని అడిగారన్నారుగా. వస్తామని చెప్పండి,” అంది నెమ్మదిగా, అందరికీ వినపడేలా. “అక్కా వస్తుంది. బోర్డు పక్కన నేను నిలబడతాను.”