తాపీ నేర్చిన గోళీలు

ప్రయోగశాలలో అందరూ ఆయన్ని గోళీల సారు అంటారు. కంటికి ఆనని బుల్లి గోళీల్లో జిగురు నింపి సిమెంటులో కలపడం ఆయన పని. సిమెంటు పగిలితే గోళీ పగులుతుంది, జిగురు కారి పగులును పూడుస్తుంది. మనిషి చెయ్యి పడనక్కర్లేదు. ఆ నమ్మకం ముదిరిపోయి, సొంత వంటింటి కప్పు కూడా ఆ సిమెంటుతోనే పోయించారు.

కప్పు పగిలింది. ఇంటి కప్పు పగిలితే ఎగిరి గంతేసిన యజమాని లోకంలో ఆయనొక్కరే అయి ఉంటారు. "ఎవరూ ముట్టుకోవద్దు, అదే మానుతుంది" అని హుకుం జారీ చేశారు. మేడ మీద ఆయన స్నానం చేస్తే చాలు, కింద పొయ్యి పక్కన టప్పు టప్పుమని చుక్కలు. భార్య బకెట్టు పెట్టి, దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ నెలల తరబడి వంట వండింది. పగులు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

ఇంతలో ప్రయోగశాల పెద్ద సారు ఒక మాట తేల్చేశారు. వారం రోజుల సమావేశానికి ఇద్దరూ వెళుతున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ కప్పును స్వయంగా చూస్తారట. మానితే పని సాగుతుంది, లేకపోతే గోళీలకు మంగళం పాడేస్తారు.

భార్య గుండెల్లో రాయి పడింది. పదేళ్లు తిండీ నిద్రా మాని పనిచేసిన మనిషి పరాయివాళ్ల ముందు తల దించుకుంటుంటే చూడటం ఆమె వల్ల కాదు. ఆయన అటు వెళ్లగానే పక్క వీధి మేస్త్రీని పిలిపించింది.

వారం తిరిగాక ఇద్దరు సార్లూ కారు దిగి నేరుగా వంటింట్లోకి వచ్చారు. కప్పు మీద నున్నగా ఒక కొత్త సిమెంటు పట్టీ.

"ఓహో! మీ గోళీలకి తాపీ పని కూడా వచ్చన్నమాట!" అన్నారు పెద్ద సారు.

గోళీల సారు ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"నేనే వేయించానండీ," అంది భార్య. "మీ పరువు పోతుందేమోనని..."

మేస్త్రీకి కబురు వెళ్లింది. అతను వచ్చి తల గోక్కున్నాడు.

"నిజం చెప్పమంటారా సార్? నాకు తీరిక చిక్కి నాలుగో రోజున నిచ్చెనెక్కేసరికి, పైన స్నానాల నీళ్లు పడకనో ఏమో, పగులు ఆరి మూసుకుపోయే ఉంది. సన్నగా గీతలా మెరుస్తోంది. అమ్మగారేమో అంత కంగారుగా పిలిచారు, ఊరికే ఎలా వెళ్లిపోతాను? కాస్త పూసేశాను."

గోళీల సారుకి ఏనుగెక్కినంత సంబరమైంది. పెద్ద సారు మాత్రం ముసిముసిగా నవ్వారు.

"మాట బాగానే నేర్పారు."

"నేర్పడమేంటండీ, ఇప్పుడే చూపిస్తాను!" భార్య వైపు తిరిగారు. "నువ్వు పైకెళ్లి కుళాయి విప్పు. చుక్క పడితే నా పేరు మార్చుకుంటాను."

మేస్త్రీ చేతిలోని ఉలీ సుత్తీ లాక్కుని నిచ్చెనెక్కారు. మేస్త్రీ చెయ్యి గట్టిది, పట్టీ ఒక పట్టాన ఊడలేదు. ఆఖరికి పెచ్చు లేచింది. దాని కింద గాజులా మెరిసే జిగురు చార! ఆయన కళ్లు చెమర్చాయి.

"మానిందండీ! చూడండి!"

పెద్ద సారు కళ్లజోడు వెతుక్కుంటున్నారు. ఈలోగా చార ఇంకాస్త బాగా కనబడాలని గోళీల సారు మరో దెబ్బ వేశారు. చార పొడవునా విచ్చుకుంది. మొదటి చుక్క పెద్ద సారు బట్టతల మీదే పడింది.

"ఇది మళ్లీ ఎప్పుడు మానుతుంది?" అన్నారాయన తల తుడుచుకుంటూ.

"ఇక మానదండీ. ఇక్కడి గోళీల్లో జిగురు అయిపోయింది."

పెద్ద సారు బయటికి నడిచి కారెక్కారు. భార్య మేడ దిగి వచ్చి, చుక్కలు చూసి, బకెట్టు తెచ్చి పెట్టింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని గోళీల సారు గట్టిగానే ప్రయత్నించారు గానీ, రాలేదు.

"పూడ్చెయ్యమంటారా సార్?" అన్నాడు మేస్త్రీ.

ఆయన నిచ్చెన దిగి, ఉలీ సుత్తీ అతని చేతికిచ్చారు.

"పూడ్చు," అన్నారు.