నీలం అంటని వేళ్ళు

ఆఫీసులో అందరూ ఆమెను జల్లెడమ్మ అంటారు. చమురు కోసం తవ్విన బావుల లోతుల్లోంచి వచ్చిన మట్టిని కడిగి, జల్లించి, ఆవగింజలో సగం లేని సముద్రపు గవ్వలను మైక్రోస్కోపు కింద ఏరడం ఆమె పని. గవ్వ ఏ కాలానిదో తెలిస్తే రాతిపొర వయసు తెలుస్తుంది. రెండు బావుల్లో ఒకే రకం గవ్వ దొరికితే ఆ పొరలు రెండూ తోబుట్టువులు.

ఒక మట్టి కడగగానే జల్లెడను నీలం రంగు నీళ్ళలో ముంచాలి. కన్నాల్లో పాత గవ్వ ఇరుక్కుంటే నీలమవుతుంది. తర్వాతి మట్టిలో అది తేలినా పరాయిదని తెలిసిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ఆమె వేళ్ళకు ఆ రంగు వదిలింది లేదు.

పది రోజుల జ్వరం తర్వాత ఆ రోజే పనిలోకి వచ్చింది. తూర్పు బావి మట్టి కడగడం అవుతుండగా చెల్లెలు ఫోను చేసింది.

"జ్వరంలో మంచినీళ్ళెవరిచ్చారక్కా?"

"కుళాయి ఇచ్చిందే."

ఇద్దరూ నవ్వారు. ఫోను పెట్టేశాక ఆ గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. పడమటి బావి మట్టి జల్లెడలో పోసింది.

సాయంత్రం కుంచె మొనకు తెల్లటి సుడిగవ్వ అంటుకుంది. తూర్పు బావిలో దొరికే రకమే! పన్నెండేళ్ళుగా ఆమె అంటున్నది అదే, ఆ రెండు బావుల పొరలూ ఒకటేనని. పెద్ద ఇంజనీరు మాత్రం, "మోకాలికీ బోడిగుండుకీ ముడేస్తున్నావమ్మా" అని కొట్టిపారేసేవాడు. ఇప్పుడు ఆయనే వచ్చి, మైక్రోస్కోపులోకి వంగి చూసి, చాలాసేపు లేవలేదు.

"ఓడిపోయానమ్మా. పైవాళ్ళకు నేనే రాస్తా." లేస్తూ ఆమె చేతులు చూశాడు. "జ్వరం మేలే చేసింది. వేళ్ళు తళతళలాడుతున్నాయే!"

ఆమె వేళ్ళు చూసుకుంది. గోళ్ళ సందుల్లో కూడా నీలం లేదు.

"ఆగండి సార్. జల్లెడ ముంచలేదు నేను. ఇది తూర్పు బావిదే కావచ్చు."

"ఎవరు చూశారమ్మా?"

"ఎవరూ చూడలేదు. పక్కన ఇంకొకరుంటే గుర్తు చేసేవారు."

"మళ్ళీ కడుగు మరి."

"ఆ లోతు మట్టి అదే ఆఖరు."

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఏరిన గవ్వలను అమర్చే అరవై గళ్ళ పలక ఒకటి కొత్తది తీసి, ఆ గవ్వను ఓ మూల గడిలో పెట్టింది. పైన రాసింది: 'ఏ బావిదో తెలియదు.' తక్కిన యాభై తొమ్మిది గళ్ళూ ఖాళీ.

తర్వాత తొట్టిలో నీలం కలిపి, జల్లెడను ముంచి, వేళ్ళు మొదలంటా నీలమయ్యేదాకా పట్టుకుని నిలబడింది.