మూత పెట్టిన గ్లాసు

అసలు పగలు దాహం వేయడం ఎప్పుడు ఆగిపోయిందో నాకే గుర్తులేదు. కోనాం చేప ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టిస్తూ అదే ఆలోచిస్తున్నాను. రిటైరయ్యే రోజు కూడా పులుసు పని నాదే.

"నా సొక్కా ఇస్త్రీ అయ్యిందేటి? స్టేజీ మీద నీ పక్కన నన్నూ కూర్సోబెడతారట," వరండాలోంచి మా ఆయన మురళీమోహన్.

విజయనగరంలో మా కాలేజీలో మెకానికల్ పాఠం చెప్పిన మొదటి ఆడదాన్ని నేను. కొంగు బొడ్లో దోపుకుని లేత్ మిషన్ ముందు నిలబడితే కుర్రాళ్లు కిటికీల దగ్గర మూగేవారు. అది నన్నేమీ చేయలేదు. నన్ను అరగదీసింది వేరే. వర్క్‌షాపులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. ఇంట్లో చెబితే ఆయన, "మొగోళ్ల మధ్య ఉజ్జోగం నువ్వే కోరుకున్నావు. ఇప్పుడు దొడ్డి కోసం గొడవెట్టి నా పరువు తీస్తావేటి?" అన్నారు. మా అత్త దేముడమ్మ, "నీళ్లు తాగితే కదే ఆ బాధ!" అని సులువు చెప్పింది. తాగడం మానేశాను. పొద్దున కాఫీ, సాయంత్రం ఇల్లు చేరాక చెంబెడు నీళ్లు. మధ్యలో నాలుక అంగిలికి అంటుకుపోతుంటే ఘర్షణ గురించి పాఠం. కిడ్నీలో రాళ్లు తీసిన డాక్టరుతో కూడా "తాగడం మరిచిపోతుంటానండీ" అన్నాను. కాలేజీలో దాన్ని క్రమశిక్షణ అన్నారు. మెల్లగా నేనూ నమ్మాను. అవమానాన్ని రోజూ మోస్తే, కొన్నాళ్లకు అది మన గుణంలాగే కనిపిస్తుంది.

నా వీడ్కోలు సభ కొత్త వర్క్‌షాపులో. దానికి నా పేరు పెట్టారు. మెట్లెక్కుతూ, పక్కనే నడుస్తున్న ఫైనలియర్ తులసిని అడిగాను, "ఇక్కడ మీకు బాత్రూమ్ ఎటువైపు?"

"నేదు మేడమ్. ప్రిన్సిపల్ గారి గదికే ఉన్నాది. తాళమేసుంటాది. మేం హాస్టల్‌కి పోవాల. అందుకే మీలాగే... నీళ్లు తాగం." గర్వంగా నవ్వింది. ఆ గర్వం నాకు తెలుసు.

"మేడమ్ క్లాసుల మధ్య మంచినీళ్లయినా ముట్టేవారు కాదు. అదీ అంకితభావమంటే!" మైకులో ప్రిన్సిపల్ నరసింగరావు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా ఆయనే. ఇద్దరికీ కలిపి కప్పిన శాలువా ఆయన వైపే జారి ఉంది.

నా ముందు మూత పెట్టిన గ్లాసు. మూత తీసి, ఆపకుండా తాగాను. ఆయన గ్లాసు కూడా అందుకుని తాగాను.

"ఏటే, ఏటైంది నీకు?" గుసగుసగా అడిగారాయన.

లేచి మైకు దగ్గరికి నడిచాను. "నరసింగరావు గారూ, మీ బాత్రూమ్ తాళంచెవి ఇవ్వండి."

హాలంతా వినబడింది. ప్రిన్సిపల్ నవ్వబోయి, నా ముఖం చూసి, జేబు తడుముకున్నారు.

తాళంచెవి వెచ్చగా ఉంది. వేదిక దిగి, దాన్ని తులసి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను.