ఎక్స్ అంటే ఇంట్లో తినేవాళ్లు

"అక్షరాలను గూడ కూడుతరానే? రేపు చీపుర్లను కూడుతవ్, చాటలను కూడుతవ్."

భార్య పుస్తకంలో ఎక్స్‌లు కలిపే లెక్క చూసి బాలరాజు ఈ మాట అన్నది, లలితమ్మ అతని ఎంగిలి కంచం తీస్తున్నప్పుడు. పెద్దకొడుకు సుదర్శన్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "పాసైతే కలెక్టర్‌వి అయితవా అమ్మా?" అత్త నర్సమ్మ మంచం మీంచి అందుకుంది. "యాబై ఏండ్లొచ్చినంక బడి గావాల్నంట. జర సిగ్గుండాలె."

లలితమ్మ కంచం కడిగింది. ఈ నోళ్లను కూడా ఇట్లాగే బూడిద పెట్టి తోమితే బాగుండుననుకుంది.

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టింది. ఆదివారాలు కొల్లాపూర్‌లో క్లాసులు. ఎందుకు కట్టిందో ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏడో తరగతిలో లెక్కల సారు మొదటిసారి నల్లబల్ల మీద ఎక్స్ రాసిన పొద్దే, వాళ్ల నాయన బడి ముందర లారీ ఆపించి ఆమెను ఎక్కించాడు. మేస్త్రీ లేబర్‌ను మట్టిపనికి తోలుకుపోతున్నాడు. సారు సుద్దముక్క పట్టుకునే గేటు దాకా వచ్చి నిలబడ్డాడు. జతగత్తె రోజా లారీ వెనక కొంతదూరం ఉరికింది. తర్వాత ఎవరూ కనపడలేదు. సారు లేడు, నాయన లేడు, రోజా ఏ ఊళ్లో ఉందో తెలియదు. పోయినవాటిలో ఇన్నేళ్లకు తిరిగి దొరికింది ఆ ఎక్స్ ఒక్కటే. అది కూడా మళ్లీ పోతుందేమోనని ఆమెకు రోజూ భయం.

లెక్కలు చెప్పే వనజ మేడమ్ మొదట మూడు ఎక్స్‌లకు రెండు ఎక్స్‌లు కలిపి ఐదు ఎక్స్‌లు చేసింది. తర్వాత మూడు ఎక్స్, రెండు వై రాసి కలపమంది. లలితమ్మ ఐదు అని రాసింది.

"కలవవమ్మా. ఒక్క జాతివే కలుస్తయ్. వేరే జాతివైతే నడుమ ప్లస్ పెట్టి ఊకె పక్కపక్కన రాసుడే, గంతే."

లలితమ్మకు బాలరాజు, తను పక్కపక్కన నిలబడి తీయించుకున్న పెళ్లి ఫోటో గుర్తొచ్చింది. ఇక ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

మరో ఆదివారం మేడమ్ ఇంటి లెక్కే ఇచ్చింది. మనిషికి రెండు జొన్నరొట్టెలు, చుట్టమొస్తే ఉండాలని పైన మూడు. రెండు ఎక్స్ ప్లస్ మూడు. "ఎక్స్ అంటే ఇంట్ల తినేటోళ్లు. మీ ఇంటి లెక్క మీరు ఎయ్యుండ్రి."

లలితమ్మ ఎక్స్ తీసి నాలుగు వేసింది. రెండు నాలుగులు ఎనిమిది, మూడు కలిపితే పదకొండు. రోజూ కాల్చేది అన్నే, తప్పెక్కడిది?

"ఎవరెవరమ్మా నలుగురు?"

"మా అత్త, మా ఆయన, ఇద్దరు పిల్లలు."

"మరి నువ్వు?"

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నేను పైన మూడింట్ల తింట మేడమ్. చుట్టాలు రాకుంటే."

నవ్విన ఆడమనిషి తన పలక వైపు చూసుకుని కొంగుతో గబగబా తుడిచింది. ఇంకొకామె తుడిచింది. అందరూ అదే తప్పు చేశారు. ఏ ఇంటి ఎక్స్‌లోనూ వండే మనిషి లేదు.

లలితమ్మకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. చుట్టాలు వచ్చిన రోజుల్లో చల్ల తాగి పడుకున్న సంగతి ఎవరికైనా తెలుసా? తనే పెట్టుకోలేదు, సరే. కానీ ఆ నలుగురిలో ఒక్కరికైనా, ఒక్కపూటైనా, "నువ్వు తిన్నవా?" అని నోరు రాలేదేం?

లెక్కల పరీక్ష నాగర్‌కర్నూల్‌లో పడింది. ముందురోజు బాలరాజు చొక్కా విప్పి ఆమె మీదికి విసురుతూ చెప్పాడు. "రేపు మా అక్కోళ్లు ఒస్తుండ్రు. పరీక్ష గిరీక్ష ఏం లేదు, ఇంట్ల ఉండు."

"రేపు పోకుంటే ఫెయిలైత."

"కాకపోతే ఏం పీకుతవ్?"

ఆమె చొక్కా నానబెట్టింది. తెల్లారి అందరూ లేవకముందే హాల్‌టికెట్ రవికెలో దోపుకుని బస్సెక్కింది. మళ్లీ ఎవరో బస్సు ఆపించి దింపుతారేమోనని ప్రతి స్టేజీ దగ్గరా కిటికీలోంచి తొంగిచూసింది. బస్సు ఊరు దాటి మామిడితోటల నడుమకు వచ్చాక ఫోన్ మోగింది.

"ఏడ సచ్చినవే?"

"పరీక్షకు పోతున్న."

"అక్క, బావ, పిలగాడు పొద్దుగాల్నే ఒచ్చి కూసున్నరు. నీకు దిమాక్ ఉన్నదా? అందరం కలిసి ఏడుగురం తినేటోళ్లం ఉన్నమిక్కడ!"

లలితమ్మ వేళ్లు మడిచింది. వచ్చినవాళ్లు ముగ్గురు. ఇంట్లో వాళ్లు... మళ్లీ లెక్కపెట్టింది.

"ఏడుగురేనా? మంచిగ సూడు."

"ఏడుగురమే! ఎన్నిసార్లు జెప్పాలె?"

"అట్లయితే ఎవ్వరూ తక్కువ లేరు. ఉన్నోళ్లే ఒండుకోండ్రి."